మాను వంగునా? — ముదిమిలో విద్యాభ్యాసం

“మొక్కై వంగనిది మానై వంగునా” అని తెలుగువారికొక సామెత ఉన్నది. వయోజనుల బడి పెట్టడానికి ఎవరైనా పూనుకొన్నప్పుడు ఈ సామెత తప్పక వినబడుతుంది. “ఈ వయసులో మాకు చదువేమిటి బాబూ!” అని ముసలివారే మొదట అంటారు. ఇంటివారు దానికి వంత పాడతారు. రెండు మాసాలు గడిచి హాజరు తగ్గగానే పాఠం చెప్పేవారు కూడా లోలోపల ఆ మాటే అనుకొంటారు.

మాను వంగకపోవడానికి కారణం వృక్షశాస్త్రం చెబుతున్నది. లేత కాండంలోని కణాల గోడలు పలుచగా ఉంటాయి. చెట్టు ముదిరేకొద్దీ ఆ గోడలలో లిగ్నిన్ అనే పదార్థం పేరుకొని అవి కొయ్యబారుతాయి. మనిషి మెదడు ఈ విధంగా కొయ్యబారదు. అయినా ముసలితనంలో కొత్త విషయం నేర్వడం కష్టమన్న లోకానుభవం వట్టి అబద్ధం అనడానికి కూడా వీలులేదు. అట్లయితే కష్టం ఎక్కడ ఉన్నది? మెదడులోనా, కంటిలోనా, చెవిలోనా, లేక పాఠం చెప్పే తీరులోనా? ఈ ప్రశ్నకు సమాధానం తెలియనిదే ముసలివారి బడి నడపడం చీకటిలో బాణం వేయడమే.

కేరళ రాష్ట్రంలోని అలప్పుళ జిల్లాకు చెందిన కార్త్యాయని అమ్మ 2018లో తన 96వ ఏట ఆ రాష్ట్ర సాక్షరతా సంస్థ నిర్వహించిన ‘అక్షరలక్షం’ పరీక్ష వ్రాసి 100కి 98 మార్కులు తెచ్చుకొన్నది. కొల్లం జిల్లాకు చెందిన భాగీరథి అమ్మ బాల్యంలో మూడవ తరగతితో చదువు మానివేసినది. ఆమె 105 ఏళ్ళ వయసులో, నాలుగవ తరగతికి సమానమైన పరీక్షకు కూర్చున్నది. 2020లో వెలువడిన ఫలితాలలో ఆమెకు 275కి 205 మార్కులు లభించాయి. లెక్కలలో మాత్రం పూర్తి మార్కులు వచ్చాయి.

ఇటువంటి ఉదాహరణలను ఎంతవరకు నమ్మాలో విద్యార్థులు తెలుసుకోవడం మంచిది. “కాకులన్నీ నల్లగా ఉంటాయి” అనే వాక్యాన్ని ఖండించడానికి ఒక్క తెల్లకాకి చాలును. “ముసలివారు చదువు నేర్వలేరు” అనే వాక్యాన్ని ఖండించడానికి కార్త్యాయని అమ్మ ఒక్కతె చాలును. కాని సామాన్యంగా ముసలివారు ఎంత నేర్వగలరు, ఎంత కాలంలో నేర్వగలరు అనే ప్రశ్నకు ఈ ఒక్క ఉదాహరణ జవాబు చెప్పదు. దానికి అనేకమందిని పరీక్షించి చూడాలి.

పరీక్షించడంలో ఒక చిక్కు ఉన్నది. పూర్వం మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇరువది ఏళ్ళవారిని, నలుబది ఏళ్ళవారిని, డెబ్బది ఏళ్ళవారిని ఒకే సమయంలో పరీక్షించి, వారి మార్కులను వరుసగా గ్రాఫు మీద గుర్తించేవారు. గీత ఇరువదియైదేళ్ళు దాటగానే క్రిందికి దిగేది. దానిని బట్టి మేధస్సు యౌవనంలోనే తరుగుట మొదలుపెడుతుందని తీర్మానించారు. ఇందులోని దోషం ఒక పల్లెటూరిని తలచుకొంటే తెలుస్తుంది. ఆ ఊరిలో ఇరువది ఏళ్ళవారిలో చాలామందికి చదవడం వచ్చును, డెబ్బది ఏళ్ళవారిలో చాలామందికి రాదు. దీనిని బట్టి, వయసు పెరిగేకొద్దీ మనుష్యులు చదవడం మరచిపోతారని ఎవరైనా అంటే నవ్వుతారు. డెబ్బది ఏళ్ళవారు మరచిపోలేదు. వారికి చదువు చెప్పినవారు లేరు. గ్రాఫు మీద కనిపించిన పతనంలో కొంత భాగం వయసు వలన కలిగినది కాదు, తరాల మధ్య ఉన్న అంతరం వలన కలిగినది.

ఈ దోషాన్ని తొలగించడానికి మార్గం ఒకటే. ఒకే మనుష్యులను ఏళ్ళ తరబడి వెంటాడి, మళ్ళీ మళ్ళీ పరీక్షించాలి. వార్నర్ షాయి అనే శాస్త్రజ్ఞుడు అమెరికాలోని సియాటిల్ నగరంలో 1956లో 500 మందితో ఈ పనికి పూనుకొన్నాడు. ప్రతి ఏడేళ్ళకు ఒకమారు పాతవారిని తిరిగి పరీక్షిస్తూ, కొత్తవారిని కూడా చేర్చుకొంటూ ఆ పరిశోధన దశాబ్దాల పాటు సాగినది. అందులో తేలిన ఫలితాలు పూర్వపు గీతకు చాలా భిన్నంగా ఉన్నాయి. పదసంపద, కారణ కార్య వివేచన మొదలైన శక్తులు నడివయసు వరకు పెరుగుతూనే ఉంటాయి. సగటున చెప్పుకోదగిన తరుగుదల అరువది దాటిన తరువాతనే కనిపిస్తుంది. ఎనుబది దాటిన తరువాత అది ఎక్కువవుతుంది. వేగం మాత్రం అంతకన్న చాలా ముందే తగ్గడం మొదలుపెడుతుంది. సగటును ప్రక్కకు పెట్టి ఒక్కొక్కరిని విడిగా చూస్తే, తేడాలు ఎంతో ఎక్కువ.

షాయి, ఆయన సహచరురాలు షెర్రీ విల్లిస్ 1986లో ప్రకటించిన మరొక ఫలితం ఇంకా ఆసక్తికరమైనది. పదునాలుగేళ్ళలో తెలివి కొంత తరిగినట్లు తేలిన వృద్ధులకు వారు గంట చొప్పున ఐదు పాఠాలు మాత్రమే చెప్పారు. వారిలో సుమారు నలుబది శాతం మంది పదునాలుగేళ్ళ క్రిందటి తమ స్థాయిని తిరిగి అందుకొన్నారు. అంటే పోయినదనుకొన్న శక్తిలో కొంత నిజంగా పోలేదు, వాడుక లేక మూలపడి ఉన్నది.

రోజూ మెదడులో వేలకొలది నాడీకణాలు చచ్చిపోతాయని, అందుచేత ముసలివారి మెదడు ఖాళీ అవుతుందని ఒక మాట చాలాకాలం ప్రచారంలో ఉండేది. డెన్మార్కు శాస్త్రజ్ఞులు జాగ్రత్తగా లెక్కించి 1997లో ప్రకటించిన దానిని బట్టి, ఆరోగ్యవంతుల మెదడు పైపొరలో ఇరువదవ ఏటినుండి తొంబదవ ఏటి వరకు తగ్గే నాడీకణాలు సుమారు పదవ వంతు మాత్రమే. కణాల సంఖ్యకన్న, కణాల మధ్య ఉన్న సంబంధాలు పలుచబడటం, వార్త ఒక చోటినుండి మరొక చోటికి చేరే వేగం తగ్గడం ముఖ్యమైన మార్పులని ఇప్పుడు భావిస్తున్నారు.

ఇక బడిలోకి వద్దాం. మహారాష్ట్రలో ఠాణే జిల్లా ముర్బాడ్ తాలూకాలో ఫాంగణే అనే చిన్న గ్రామం ఉన్నది. అక్కడ 2016 మార్చి 8వ తేదీన, అంతర్జాతీయ మహిళా దినోత్సవంనాడు, ‘ఆజీబాయీచీ శాళా’ అనే బడి ప్రారంభమైనది. ఆ మాటకు ‘అవ్వల బడి’ అని అర్థం. ఆ ఊరి జిల్లా పరిషత్తు పాఠశాల ఉపాధ్యాయుడు యోగేంద్ర బంగర్ చొరవతో అది ఏర్పడినది. విద్యార్థినులందరూ అరువది నుండి తొంబది ఏళ్ళ వయసువారు. గులాబిరంగు చీర వారి యూనిఫారం. ఇంటి పనులు, పొలం పనులు ముగిసిన తరువాత మధ్యాహ్నం రెండు గంటలకు పలక, సంచి పట్టుకొని బడికి వచ్చేవారు. ఇతరులు చదువుతుంటే వినడమే గాని పుణ్యగ్రంథాలను తామే చదువుకోలేకపోతున్నామన్న దిగులు వారిని బడికి రప్పించినది.

పత్రికలు ఈ బడి చీరల రంగును గూర్చి ఎక్కువగా వ్రాశాయి. బడి పెట్టిన వేళ అంతకన్న ముఖ్యమైన విషయం. మధ్యాహ్నం రెండు గంటలకు పగటి వెలుతురు పుష్కలంగా ఉంటుంది. మన తెలుగునాట వయోజన విద్య అనగానే రాత్రి బడి గుర్తుకు వస్తుంది. పగలు కూలికి పోయే నడివయసువారికి రాత్రి తప్ప తీరిక ఉండదు కనుక అది సహజమే. కాని అరువది దాటిన కంటికి రాత్రి దీపపు వెలుగులో పలక ఎట్లా కనిపిస్తుందో ఎవరూ అంతగా ఆలోచించలేదు.

కంటిలోని కటకం తన చుట్టూ ఉన్న సిలియరీ కండరాల సహాయంతో లావెక్కి, సన్నబడి, తన నాభ్యంతరాన్ని మార్చుకొంటూ ఉంటుంది. దీనినే కంటి సర్దుబాటు అంటారు. కటకానికి జీవితమంతా కొత్త పొరలు చేరుతూ ఉండటంచేత అది క్రమంగా గట్టిపడి, లావెక్కే శక్తిని కోల్పోతుంది. అందుచేత పదేళ్ళ బాలుడు 7 సెంటీమీటర్ల దూరంలో ఉన్న అక్షరాన్ని కూడా స్పష్టంగా చూడగలడు; ఇరువది ఏళ్ళకు ఈ కనిష్ఠ దూరం 10 సెంటీమీటర్లు, నలుబదికి సుమారు 22, ఏబదికి 40, అరువదికి సుమారు 100 సెంటీమీటర్లు అవుతుంది. నలుబది ప్రాంతంలో బయటపడుతుంది కనుకనే మనవారు దీనికి ‘చత్వారం’ అని పేరు పెట్టారు. అరువది ఏళ్ళ అవ్వ తన పలకను మీటరు దూరంలో పెట్టుకొని వ్రాయలేదు కదా! ఆమె చేయి అంత పొడవు ఉండదు. వయసుతో కనుపాప చిన్నదవుతుంది, కటకం పసుపుబారుతుంది. ఈ కారణాలవలన అరువది ఏళ్ళవారి నేత్రపటలానికి చేరే కాంతి ఇరువది ఏళ్ళవారికి చేరే కాంతిలో సుమారు మూడవ వంతు మాత్రమే.

తెలుగు అక్షరాల ఆకారాన్ని ఇప్పుడు తలచుకోవాలి. ప, ఫ, ష, స; వ, మ; ఘ, ఝ—వీటి మధ్య తేడా ఒక చిన్న కొమ్ములోనో, ఒక చుక్కంత గీతలోనో ఉన్నది. తలకట్టుకు, గుడికి, గుడిదీర్ఘానికి మధ్య తేడా ఇంకా సూక్ష్మమైనది. మసకగా కనిపించే కంటికి ఇవన్నీ ఒకే గుండ్రని ఆకారం. నిన్న చెప్పిన ‘మ’ను నేడు ‘వ’ అని చదివిన అవ్వకు మతిమరుపు అని పాఠం చెప్పేవారు అనుకొంటారు, ఆమె కూడా అదే అనుకొని సిగ్గుపడి మరునాడు రాదు. అది మతిమరుపు కాకపోవచ్చును. ఆమె రెండు నాళ్ళూ చూచినది ఒకే మసక ఆకారం. సరియైన కళ్ళద్దాలు పెట్టి, పగటి వెలుగులో, రెండంగుళాల అక్షరం చూపి పరీక్షించిన తరువాతనే ఆమె జ్ఞాపకశక్తిని గూర్చి మాట్లాడడం న్యాయం.

చెవి సంగతి కూడా ఇటువంటిదే. లోపలి చెవిలోని కర్ణావర్తంలో ధ్వనిని గ్రహించే కేశకణాలు ఉంటాయి. దాని మొదటి భాగంలో ఉన్న కణాలు హెచ్చు పౌనఃపున్యం గల, అంటే కీచుగా ఉండే ధ్వనులను గ్రహిస్తాయి. వయసుతో ముందుగా దెబ్బతినేవి ఇవే. మాటలో అచ్చులకు బలం ఎక్కువ, పౌనఃపున్యం తక్కువ. క, త, ప, స వంటి హల్లులకు బలం తక్కువ, పౌనఃపున్యం ఎక్కువ. అందుచేత వృద్ధులకు మాట ‘వినబడుతుంది’ గాని ‘తెలియదు’. పాలు, కాలు, తాలు—ఈ మూడు మాటలలోను ‘ఆ’ స్పష్టంగా చెవినిబడుతుంది, మొదటి హల్లు మాత్రం జారిపోతుంది. గట్టిగా అరిస్తే ప్రయోజనం స్వల్పం. అరుపులో పెరిగేది ముఖ్యంగా అచ్చుల బలమే. ఎదురుగా కూర్చొని, పెదవులు కనబడేటట్లు, కొంచెం నిదానంగా పలికితే చెవి విడిచిన దానిని కన్ను అందుకొంటుంది. నల్లబల్లవైపు తిరిగి వ్రాస్తూ మాట్లాడటం చాలామంది ఉపాధ్యాయులకు అలవాటు. పిల్లల తరగతిలో దానివలన పెద్ద నష్టం లేదు గాని అవ్వల తరగతిలో అది సగం పాఠాన్ని మింగివేస్తుంది.

కన్ను, చెవి బాగుచేసిన తరువాత కూడా ఒక నిజమైన లోపం మిగులుతుంది. మనస్సులో ఒకేసారి కొన్ని అంశాలను నిలుపుకొని వాటితో పని చేయించే శక్తి ఒకటి ఉన్నది. దీనిని తాత్కాలిక స్మృతి అనవచ్చును. అది ఎవరికైనా పరిమితమైనదే. వయసుతో అది మరికొంత కుదించుకొని పోతుంది, దానికి తోడు పని వేగం తగ్గుతుంది. చదవడంలో దీని ప్రభావం ఎట్లా ఉంటుందో చూడండి. బస్సు మీద ‘విజయవాడ’ అని వ్రాసి ఉన్నది. అందులో ఐదు అక్షరాలు. అక్షరానికి రెండు సెకన్ల చొప్పున కూడబలుక్కొనేవారికి పది సెకన్లు పడుతుంది. ‘డ’ దగ్గరకు వచ్చేసరికి ‘వి’ జారిపోతుంది, బస్సు కూడా వెళ్ళిపోతుంది! అక్షరాలన్నీ వచ్చియుండి కూడా చదవడం రాదనడానికి ఇదే కారణం. అక్షరాన్ని గుర్తించడం ఆలోచన లేకుండా జరిగిపోయేటంత అభ్యాసం కలిగితేనే తాత్కాలిక స్మృతికి అర్థాన్ని పట్టుకొనే తీరిక చిక్కుతుంది. వయోజన విద్యా కేంద్రాలలో చాలావరకు సరిగా ఈ మజిలీలోనే పాఠాలు ఆపివేయడం విచారకరం. గుణింతాలు పూర్తి అయినవి, సంతకం వచ్చినది, పరీక్ష ముగిసినది; మరి రెండేళ్ళకు నేర్చినదంతా ఆవిరి అవుతుంది. తప్పు నేర్చినవారిది కాదు. ఎత్తు ఎక్కుతున్న బండిని సగం దారిలో విడిచిపెడితే అది వెనుకకే దొర్లుతుంది.

ఈ లోపాన్ని కొంత పూడ్చే బలం ముసలివారివద్ద ఒకటి ఉన్నది. రేమండ్ కాటెల్ అనే శాస్త్రజ్ఞుడు మేధస్సును రెండు విధాలుగా విభజించి, 1963లో దానిని ప్రయోగాలతో సమర్థించాడు. కొత్త చిక్కును అప్పటికప్పుడు విప్పే శక్తి ఒకటి. దీనికి ద్రవప్రజ్ఞ అని పేరు. జీవితానుభవం వలన పేరుకొని గట్టిపడిన జ్ఞానం రెండవది, ఇది స్ఫటికప్రజ్ఞ. మొదటిది ముందుగా తరుగుతుంది, రెండవది ముదిమిలో కూడా చాలాకాలం నిలిచి ఉంటుంది. ఐదేళ్ళ బాలుడు ‘కొడవలి’ అనే అక్షరాలను, ‘కొడవలి’ అనే మాటను, ఒక్కొక్కప్పుడు కొడవలి అనే వస్తువును కూడా కొత్తగా నేర్వాలి. అవ్వకు మాట తెలుసు, వస్తువు చేతిలోనే ఉన్నది. ఆమెకు కావలసినవి అక్షరాలు మాత్రమే. లెక్కలలో ఈ సౌకర్యం ఇంకా ఎక్కువ. అక్షరం రానివారు సంతలో వేళ్ళ కణుపుల మీద లెక్కకట్టి పైసా తేడా లేకుండా చిల్లర తీసుకోవడం అందరూ చూచినదే. అంకెల గుర్తులు నేర్పితే చాలు, వారి లెక్క కాగితం మీదికి వస్తుంది. పలుకే తెలియని మాటలతో, ‘అ’ నుండి ‘ఱ’ వరకు వరుసగా వల్లెవేయించే పద్ధతి ఈ బలాన్ని పూర్తిగా వృథా చేస్తున్నది.

చదవడం నేర్చినప్పుడు మెదడులో ఏమి జరుగుతుంది? ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు స్టానిస్లాస్ డెహేన్, ఆయన సహచరులు పోర్చుగల్, బ్రెజిల్ దేశాలలో 63 మంది వయోజనుల మెదళ్ళను యంత్రాలతో పరీక్షించి 2010లో ఫలితాలను ప్రకటించారు. వారిలో కొందరు బాల్యంలో చదువుకొన్నవారు, కొందరు పెద్దయ్యాక చదువుకొన్నవారు, కొందరు నిరక్షరాస్యులు. మెదడు ఎడమ భాగంలో అడుగున, వెనుకగా ఒక స్థలం ఉన్నది. చదువుకొన్నవారిలో అది అక్షరాలను చూడగానే చురుకుగా స్పందిస్తుంది. పెద్దయ్యాక చదువుకొన్నవారిలో కూడా ఈ స్పందన కనిపించినది. మన దేశంలో లక్నో పరిసర గ్రామాలలోని నిరక్షరాస్యులకు ఆరు మాసాల పాటు దేవనాగరి లిపి నేర్పి చేసిన మరొక పరిశోధన 2017లో వెలువడినది. అందులో మెదడు పైపొరకు, లోతున ఉన్న దృష్టి కేంద్రాలకు మధ్య పొత్తు బలపడినట్లు గమనించారు. ఈ రెండవ పరిశోధనలో పాల్గొన్నవారు ముప్పది ఏళ్ళ ప్రాంతంవారు, వృద్ధులు కారు. అయినా బాల్యం దాటిన మెదడు లిపి కోసం తన కట్టడాన్ని మార్చుకోగలదనడానికి ఇది సాక్ష్యం.

నేర్చినది నిలవాలంటే ఏమి చేయాలి? జర్మను శాస్త్రజ్ఞుడు ఎబింగ్‌హౌస్ అర్థంలేని పదాలను తానే కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మరచిపోతున్నాడో లెక్కించి 1885లో గ్రంథం ప్రకటించాడు. ఒకే కూర్చొని చేసిన అభ్యాసంకన్న, అదే అభ్యాసాన్ని రోజుల మీద పంచితే ఎక్కువ ఫలం దక్కుతుందని ఆయన గమనించాడు. వారానికొకనాడు రెండు గంటల పాఠంకన్న దినానికి ఇరువది నిమిషాలు మేలు. అమెరికాలో రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు 2006లో ప్రకటించిన ప్రయోగం మరొక సంగతి తెలిపినది. కళాశాల విద్యార్థులలో కొందరు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండవసారి పుస్తకం మూసి, గుర్తున్నది వ్రాశారు. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవారిదే పైచేయి. వారం తరువాత పరీక్షిస్తే తారుమారైనది: పుస్తకం మూసి వ్రాసినవారికి 56 శాతం గుర్తున్నది, రెండుసార్లు చదివినవారికి 42 శాతం మాత్రమే. గుర్తు తెచ్చుకొనే ప్రయత్నమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుందన్న మాట. వృద్ధులలో కూడా ఈ లాభం ఉన్నదని తరువాతి ప్రయోగాలు తెలుపుతున్నాయి. అయితే నలుగురిలో లేపి అడిగితే ముసలివారు చిన్నబుచ్చుకొంటారు. ఎవరి పలక మీద వారు వ్రాసి, తామే పుస్తకంతో సరిచూచుకొనే ఏర్పాటు చేయడం మర్యాద.

అక్షరాస్యులైన వృద్ధులకు కూడా తరగతులు కావాలా అని సందేహం కలుగవచ్చును. ఫ్రాన్సులోని టూలూజ్ నగరంలో పియర్ వెల్లాస్ అనే ఆచార్యుడు 1973లో ఉద్యోగ విరమణ చేసినవారి కోసం ‘మూడవ వయసు విశ్వవిద్యాలయం’ స్థాపించాడు. దశాబ్దం తిరగకముందే అది ఇంగ్లండుకు ప్రాకి కొత్త రూపం ధరించినది. అక్కడ పరీక్షలు లేవు, పట్టాలు లేవు; చరిత్ర తెలిసినవారు చరిత్ర, తోటపని తెలిసినవారు తోటపని ఒకరికొకరు చెప్పుకొంటారు. ఇటువంటి తరగతుల వలన కాలక్షేపం తప్ప ప్రయోజనం ఉన్నదా అన్నది డెనిస్ పార్క్ అనే శాస్త్రజ్ఞురాలు అమెరికాలో పరీక్షించినది. అరువది నుండి తొంబది ఏళ్ళ వయసు గల 221 మందిని ఎన్నుకొని, కొందరికి ఫోటోలు తీయడం, కొందరికి బొంతలు కుట్టడం, కొందరికి రెండూ కొత్తగా నేర్పించారు. వారానికి సుమారు 15 గంటలు, మూడు మాసాలు. మరికొందరు అంతే కాలం కలిసికూర్చొని కబుర్లు, విహారాలతో గడిపారు. 2014లో ప్రకటించిన ఫలితాల ప్రకారం కష్టపడి కొత్త విద్య నేర్చినవారిలో, ముఖ్యంగా ఫోటో విద్య నేర్చినవారిలో, జ్ఞాపకశక్తి మెరుగుపడినది. కబుర్లతో గడిపినవారిలో ఆ మేలు కనబడలేదు. భజన మందిరంలో చేరి కూర్చోవడం మనస్సుకు హాయి గొలుపవచ్చును గాని, దానినే విద్యాభ్యాసంగా లెక్కించరాదని దీని సారాంశం.

హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు డిమెన్షియా అనే మతి క్షీణించే వ్యాధితో వచ్చిన 648 మంది వివరాలను పరిశీలించి 2013లో ప్రకటించారు. రెండు లేక అంతకన్న ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో ఆ వ్యాధి ఒకే భాష తెలిసినవారికన్న సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా బయటపడినది. అక్షరం రానివారిలో కూడా ఈ తేడా కనిపించడం విశేషం. తెలుగు, ఉర్దూ, హిందీ నిత్యం కలిసి మెలగే నగరంలోనే ఇటువంటి పరిశీలన సాధ్యపడినది. దీనినిబట్టి, బడికి వస్తే మతిమరుపు వ్యాధి రాదని ప్రచారం చేయడం మాత్రం తగదు. రెండు విషయాలు కలిసి కనబడినంతమాత్రాన ఒకటి రెండవదానికి కారణం కానక్కరలేదు. జబ్బుపడిన మెదడుకు పలక మందు కాదు.

ముసలివారి చదువుకు ఫలం ఏమిటని అడిగేవారికి నెల్లూరు జిల్లా ఒక జవాబు చెబుతుంది. 1990వ దశకం ఆరంభంలో ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరుగుతున్నప్పుడు, సారా వలన చితికిన కుటుంబాలను గూర్చిన పాఠం చదివి చర్చించిన దూబగుంట స్త్రీలు ఊరిలోని సారా దుకాణాన్ని మూయించారు. రోశమ్మ పేరు ఆ ఉద్యమంతో రాష్ట్రమంతటా వినబడినది. 1993 అక్టోబరు 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలులోకి వచ్చినది. పాఠంలోని మాటకు, ఇంటిలోని బాధకు సంబంధం ఉన్నప్పుడు జ్ఞాపకశక్తిని గూర్చిన ఫిర్యాదు వినబడకపోవడం గమనించదగినది. అంతకు పూర్వం 1935లోనే పాతూరి నాగభూషణం కృష్ణా కాలువలో పడవ మీద గ్రంథాలయాన్ని నడిపాడు. చదువరి పుస్తకం దగ్గరకు రాలేనప్పుడు పుస్తకమే చదువరి దగ్గరకు పోవాలన్నది ఆ ప్రయత్నంలోని భావం. అక్షరాలు వచ్చిన అవ్వకు రెండవ ఏడు చదవడానికి పుస్తకం ఎక్కడిది అనే ప్రశ్నకు అటువంటి ఏర్పాటే సమాధానం.

కేంద్రప్రభుత్వం 2022–27 సంవత్సరాలకు తలపెట్టిన నవభారత సాక్షరతా కార్యక్రమం ‘ఉల్లాస్’ అనే పేరుతో నడుస్తున్నది. పదునైదేళ్ళు నిండిన నిరక్షరాస్యులందరూ దానికి అర్హులు. పాఠం చెప్పేవారు జీతం లేని స్వచ్ఛంద సేవకులు. ఉపాధ్యాయులు, విద్యార్థులు కూడా ఇందులో చేరవచ్చును. చదవడం, వ్రాయడం, లెక్కలు—ఒక్కొక్కదానికి 50 చొప్పున 150 మార్కులకు చివర పరీక్ష ఉంటుంది. పైన చెప్పిన రోడిగర్ ప్రయోగాన్నిబట్టి చూస్తే, పాఠాలు ముగిసిన వెంటనే పెట్టే పరీక్షలో వచ్చిన మార్కులు ఎంత నిలుస్తుందో చెప్పవు. ఆరు మాసాల తరువాత అదే ప్రశ్నపత్రాన్ని మరొకమారు ఇచ్చి చూడటం ఏ పాఠశాలకైనా సాధ్యమే.

బడి పెట్టకముందు విద్యార్థులు తమ ఇంటిలోనే ఒక చిన్న ప్రయోగం చేసి చూడవచ్చును. మీటరు స్కేలు, ఒక వార్తాపత్రిక చాలును. పగటి వెలుగులో కూర్చోబెట్టి, కళ్ళద్దాలు తీయించి, ఒక కన్ను మూయించి, పత్రికను కంటికి దగ్గరగా తెచ్చి క్రమంగా దూరం జరపాలి. చిన్న అక్షరాల అలుకు పోయి స్పష్టపడిన చోట ఆపి, కంటినుండి కాగితానికి గల దూరాన్ని కొలవాలి. అక్షరం చదవడం రానివారికి పత్రికకు బదులు సన్నని గీతలు రెండు దగ్గరదగ్గరగా గీచిన కాగితం చూపి, రెండూ విడివిడిగా కనబడిన చోట ఆపాలి. చెల్లెలు, తల్లి, తాత, అవ్వ—ఒక్కొక్కరికి మూడుసార్లు కొలిచి సగటు తీసి, వయసును అడ్డంగా, దూరాన్ని నిలువుగా గ్రాఫు మీద గుర్తించాలి. దూరదృష్టికి అద్దాలు వాడేవారి కొలతలను, కంటికి శుక్లాల శస్త్రచికిత్స జరిగినవారి కొలతలను వేరుగా ఉంచాలి, లేకుంటే గీత తప్పుతుంది. రెండవ ప్రయోగానికి పరికరం అక్కరలేదు. నోటికి కాగితం అడ్డుపెట్టుకొని పాలు, కాలు, తాలు, చాలు అనే మాటలను వరుస మార్చి ఇరువదిసార్లు సామాన్య స్వరంతో పలికి, వినేవారు ఏమి విన్నారో వ్రాసుకోవాలి. తరువాత కాగితం తీసివేసి, ముఖం కనబడేటట్లు అదే మళ్ళీ చేయాలి. రెండు పట్టికలలోని తప్పులను ఎంచి, ఏ హల్లు ఏ హల్లుగా వినబడినదో ప్రక్కప్రక్కన వ్రాసుకొని పోల్చి చూడాలి.